పని మానని పండుగ

యూదుల ఆచారంలో పండుగ అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది పని మానడం. ప్రతి శుక్రవారం పొద్దుగుంకడంతో మొదలై శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా సాగే షబ్బాత్ అనే విశ్రాంతి దినం మొదలుకొని, ఈజిప్టు దాస్యం నుంచి విడుదలను తలచుకునే పస్కా, పంటలు ఇంటికి చేరాక వచ్చే పర్ణశాలల పండుగ, సంవత్సరారంభం, ప్రాయశ్చిత్త దినం వరకు, తోరా అనే మూల ధర్మగ్రంథం విధించిన పర్వాలన్నిటిలోనూ క్రయవిక్రయాలకు, ప్రయాణాలకు, చేతివృత్తులకు ఏదో ఒక మేర నిషేధం ఉంటుంది. చలికాలంలో ఎనిమిది రోజులు జరిగే హనుక్కాకు ఆ నిషేధం లేదు. అంగడి తెరిచే ఉంటుంది, బస్సులు తిరుగుతూనే ఉంటాయి, కూలికి వెళ్ళేవారు కూలికి వెళ్తారు. పండుగకు దక్కేది రోజూ సందెవేళ ఒక అరగంట మాత్రమే. ఆ అరగంటలో ఇంటి గుమ్మం దగ్గరో కిటికీలోనో దీపాలు వెలిగించి, అవి వెలుగుతున్నంతసేపు ఇంటిల్లిపాదీ చేతిలో పని పక్కన పెట్టి కూర్చుంటారు.

హనుక్కా అంటే ప్రతిష్ఠ. తెలుగు బైబిల్ చదివేవారికి యోహాను సువార్త పదో అధ్యాయంలో, యేసు శీతకాలంలో జెరూసలేం ఆలయంలో తిరుగుతున్న సందర్భంలో, ‘ఆలయ ప్రతిష్ఠిత పండుగ’ అనే పేరుతో ఇది పరిచితమే. తోరాలో దీని ప్రస్తావన లేదు కనుకా, తరువాతి కాలపు ధర్మాచార్యులైన రబ్బీలు నిలబెట్టినది కనుకా, శాస్త్రం లెక్కలో ఇది చిన్న పండుగ. అయినా పెద్ద పండుగల నియమాలను ఏనాడో వదిలేసిన కుటుంబాలు సైతం ఈ దీపాలను వదలలేదు. దీని అర్థాన్ని పండితులు చాలావరకు యుద్ధగాథలో, ఆలయ చరిత్రలో వెతికారు. ఆ వెతుకులాట అవసరమే గాని, రోజువారీ పనికి, ఇంటికి, వీధికి మధ్య ఈ పండుగ కుదిర్చిన సర్దుబాట్లలోనే దాని బలం ఎక్కువగా కనిపిస్తుంది.

యూదు పంచాంగం తెలుగు పంచాంగంలాగే చాంద్రమాసాలను సౌరసంవత్సరంతో కలుపుతుంది. 19 ఏళ్ళలో ఏడుసార్లు అధికమాసం వస్తుంది. కిస్లేవ్ అనే మాసం 25వ తేదీన మొదలయ్యే హనుక్కా, తరువాతి తేవేత్ మాసం రెండో రోజుతోనో మూడో రోజుతోనో ముగుస్తుంది. అంటే ప్రతి ఏటా ఇది కార్తీక అమావాస్యనో మార్గశిర అమావాస్యనో ఆనుకొని, బహుళ దశమి దాటిన చీకటి రాత్రుల్లో మొదలై, అమావాస్య మీదుగా నెలవంక కనిపించేదాకా సాగుతుంది. ఏడాదిలో పగలు అతి చిన్నగా ఉండే రోజులూ, నెలలో వెన్నెల లేని రాత్రులూ ఇక్కడ కలుస్తాయి. ఇంగ్లీషు తేదీ మాత్రం ఏటా మారుతుంది: 2013లో తొలి పగలు నవంబరు 28న, అమెరికా కృతజ్ఞతా దినోత్సవం రోజునే వస్తే, 2024లో తొలి దీపం డిసెంబరు 25 సాయంత్రం, క్రిస్మస్ నాడు వెలిగింది.

ఆలయం, యుద్ధం, నూనె

క్రీ.పూ. 2వ శతాబ్దంలో జెరూసలేం చుట్టుపక్కల యూదయ ప్రాంతం, అలెగ్జాండర్ సేనాని ఒకరు స్థాపించిన సెల్యూసిడ్ రాజ్యం కింద ఉండేది. క్రీ.పూ. 175లో గద్దెనెక్కిన నాలుగో అంటియోకస్ కాలంలో ఆలయ ప్రధాన యాజక పదవి పాటపాడి కొనుక్కునే సరుకైంది. జేసన్ అనే యాజకుడు రాజుకు సొమ్ము చెల్లించి దాన్ని దక్కించుకుంటే, మెనెలాస్ అనే మరొకరు అంతకంటే ఎక్కువ ఇచ్చి అతణ్ణి తోసిపుచ్చాడు. గ్రీకు పద్ధతులను తలకెత్తుకున్న నగర కులీనులకూ, పాత ఆచారం వదలని పల్లెవాసులకూ మధ్య పెరిగిన ఈ పోరును పక్కన పెట్టి, జరిగినదంతా పరాయి రాజు దుర్మార్గంగానే చెప్పుకోవడం పిల్లల కథకు సరిపోతుంది గాని చరిత్రకు సరిపోదు. రాజు దుర్మార్గమూ తక్కువది కాదు. క్రీ.పూ. 167లో సున్నతి చేయించడం, షబ్బాత్ పాటించడం, తోరా గ్రంథం ఇంట ఉంచుకోవడం మరణశిక్షకు తగిన నేరాలయ్యాయి. ఆలయాన్ని గ్రీకు దేవుడు జ్యూస్ పేరిట మార్చి, బలిపీఠాన్ని యూదుల దృష్టిలో అపవిత్రం చేశారు.

తిరుగుబాటు మోదియిన్ అనే పల్లెలో మత్తతియా అనే యాజకుడి ఇంటినుంచి మొదలైంది. అతని ఐదుగురు కొడుకుల్లో మక్కబీ అనే బిరుదు పొందిన యూదా నాయకుడయ్యాడు. మక్కబీయుల మొదటి గ్రంథం చెప్పే ఒక ఘటన ఈ పండుగ స్వభావానికి బాగా దగ్గరగా ఉంటుంది. షబ్బాత్ నాడు ఆయుధం పట్టడం పనిచేయడమే అవుతుందని నమ్మిన కొందరు గుహల్లో తలదాచుకొని, శత్రువు మీదపడినా చెయ్యెత్తక, భార్యాపిల్లలతో సహా ప్రాణాలు విడిచారు. ఆ వార్త విన్న మత్తతియా వర్గం, ఇలాగే కూర్చుంటే షబ్బాత్ పాటించేవారే మిగలరని తలచి, దాడి జరిగితే ఆ రోజునా పోరాడవచ్చునని తీర్మానించుకుంది. పని మానే రోజును నిలబెట్టుకోవడానికి ఆ రోజు పని చేయక తప్పదని ఒప్పుకున్నవారి విజయానికి గుర్తుగా ఏర్పడిన పండుగ, పనిని ఆపని పండుగ కావడం కాకతాళీయమే కావచ్చు, కాని ఆ పొంతన ఆలోచింపజేస్తుంది.

క్రీ.పూ. 164లో కిస్లేవ్ 25న ఆలయాన్ని శుద్ధి చేసి, కొత్త బలిపీఠం కట్టి, ఎనిమిది రోజులు ఉత్సవం చేశారు. ఎనిమిది రోజులే ఎందుకన్న ప్రశ్నకు ఒక్కో గ్రంథం ఒక్కో సమాధానం చెబుతుంది. కొండల్లో దాక్కుని ఉండగా గడిచిపోయిన ఎనిమిది రోజుల పర్ణశాలల పండుగను ఆలస్యంగా జరుపుకున్నారని మక్కబీయుల రెండో గ్రంథం సూచిస్తుంది. క్రీ.శ. 1వ శతాబ్దపు చరిత్రకారుడు జోసెఫస్ దీన్ని ‘దీపాలు’ అనే పేరుతో ప్రస్తావించి, ఆ పేరు ఎందుకు వచ్చిందో తానే ఊహ చేశాడు గాని నూనె మహిమ ఊసెత్తలేదు. ఈనాడు ప్రతి పిల్లవాడికీ తెలిసిన కథ, అంటే ముద్ర చెరగని నూనె బుడ్డి ఒక్కటే దొరికితే, ఒక రోజుకు సరిపడే ఆ నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ, రబ్బీల చర్చల సంకలనమైన తల్మూద్‌లో, ఘటన జరిగిన కొన్ని వందల ఏళ్ళ తరువాత కనిపిస్తుంది. పండుగ ఎనిమిది రోజులూ నిత్యప్రార్థనలో చేర్చే ప్రత్యేక వాక్యాల్లోనూ యుద్ధ విజయం ఉంది, ఆలయ ప్రాంగణంలో దీపాలు వెలిగించిన ముచ్చట ఉంది, నూనె మిగిలిన మహిమ లేదు.

రబ్బీలు కత్తిని వెనక్కి నెట్టి నూనెను ముందుకు తేవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. మక్కబీయుల వంశం, చరిత్రలో హస్మోనీయులుగా పేరుపడినవారు, ప్రధాన యాజకత్వాన్నీ రాజ్యాధికారాన్నీ రెంటినీ చేజిక్కించుకున్నారు. వారిలో జాన్ హిర్కానస్ పొరుగున ఉన్న ఇదూమీయులను బలవంతంగా మతంలో కలిపితే, అలెగ్జాండర్ యన్నాయ్ తనను ఎదిరించిన సొంత ప్రజలనే ఊచకోత కోశాడు. క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే వచ్చేనాటికి అన్నదమ్ములు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. ఆపైన రోమ్ మీద చేసిన తిరుగుబాట్లు ఆలయాన్ని, నగరాన్ని, లక్షల ప్రాణాలను బలితీసుకున్నాక, సేనానుల ఘనత పాడే పండుగకంటే ఇంటి దీపం చుట్టూ తిరిగే పండుగ మేలని ఆచార్యులకు తోచి ఉంటుంది. మక్కబీయుల గ్రంథాలు హీబ్రూ బైబిల్‌లో చేరనే లేదు. గ్రీకు భాషలో, క్రైస్తవ సంఘాల ద్వారా బతికి బయటపడ్డాయి.

గుమ్మం దగ్గరి ధర్మశాస్త్రం

తల్మూద్‌లో హనుక్కా చర్చ షబ్బాత్ దీపాలకు ఏ నూనె, ఏ వత్తి వాడవచ్చునన్న ప్రకరణం మధ్యలో, దారిలో తగిలిన విషయంలా వస్తుంది. కనీస విధి ఇంటికొక దీపం. శ్రద్ధ కలవారు మనిషికొక దీపం పెడతారు. అంతకుమించి శ్రద్ధ కలవారి విషయంలో క్రీ.శ. 1వ శతాబ్దం నాటి రెండు గురు సంప్రదాయాలు విభేదించాయి: షమ్మయ్ శిష్యులు తొలి రాత్రి ఎనిమిదితో మొదలుపెట్టి రోజుకొకటి తగ్గించాలన్నారు, హిల్లేల్ శిష్యులు ఒకటితో మొదలుపెట్టి రోజుకొకటి పెంచాలన్నారు. పవిత్ర విషయాల్లో పైకి వెళ్ళాలే గాని కిందికి దిగకూడదన్న వాదనతో హిల్లేల్ పక్షం నెగ్గింది. ఒకటి నుంచి ఎనిమిది వరకు కూడితే 36 దీపాలు. వాటిని వెలిగించడానికి రాత్రికొకటి చొప్పున షమ్మాష్ అనే పరిచారక దీపం కలిపితే 44. అంగళ్ళలో అమ్మే హనుక్కా కొవ్వొత్తుల పెట్టెలో సరిగ్గా 44 ఉండడానికి కారణం ఇదే.

పరిచారక దీపం అవసరం మరొక నియమం నుంచి వచ్చింది. హనుక్కా దీపపు వెలుగును దేనికీ వాడుకోకూడదు. ఆ వెలుగులో చదవకూడదు, కుట్టుపని చేయకూడదు, డబ్బు లెక్క పెట్టుకోకూడదు. పొరపాటున వాడుకున్నా ఆ వెలుగు పక్కనున్న తొమ్మిదో దీపానిదనిపించుకుంటుంది. ఆలయంలో ఉండిన ఏడు కొమ్మల దీపస్తంభానికి నకలు చేసుకోకూడదన్న నిషేధమూ ఉంది గనుక, ఇళ్ళలో వాడే హనుక్కియా అనే కుందికి ఎనిమిది ప్రమిదలు ఒకే వరుసలో, పరిచారక దీపం కాస్త ఎత్తులోనో పక్కనో ఉంటాయి. దీపాలను కుడినుంచి ఎడమకు పేర్చి, వెలిగించేటప్పుడు ఆ రోజు కొత్తగా చేరిన ఎడమవైపు దీపంతో మొదలుపెడతారు.

దీపం ఎక్కడ పెట్టాలన్న నియమం వీధి గుమ్మం బయట, తలుపుకు ఎడమవైపు. కుడివైపు ద్వారబంధానికి మెజూజా, అంటే తోరా వాక్యాలు రాసిన తోలుచుట్ట ఉంటుంది కనుక, ఇంట్లోకి అడుగుపెట్టే మనిషి ఆ రెంటి మధ్యనుంచి నడుస్తాడు. మేడమీద కాపురం ఉంటే వీధివైపు కిటికీలో పెట్టాలి. ఇరవై మూరల ఎత్తు దాటితే దారినపోయేవారి కంటికి ఆనదు కనుక ఆ దీపం చెల్లదు. వెలగవలసిన సమయాన్ని కూడా గడియారంతో గాక అంగడితో కొలిచారు: బజారులో అడుగుల చప్పుడు ఆగేదాకా, అంటే పొద్దుపోయాక కూడా వంటచెరకు అమ్ముకుంటూ తిరిగే పల్మైరా వర్తకులు ఇళ్ళకు మళ్ళేదాకా వెలగాలి. దీపం ఉద్దేశం జరిగిన మహిమను నలుగురికీ చాటడం. చాటవలసింది భక్తులకు మాత్రమే కాదు, పని ముగించుకుని ఇంటిదారి పట్టినవారికి.

బజారులో దీపం పెడితే బజారు చిక్కులు తప్పవు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహితలో, నష్టపరిహారాల ప్రకరణంలో ఒక కేసు ఉంది. అవిసెనార మోపులతో పోతున్న ఒంటె ఇరుకు వీధిలో దుకాణాన్ని ఒరుసుకుంటే, నార లోపలి దీపానికి తగిలి అంటుకొని భవనం కాలిపోతే, తప్పు అంత బరువెత్తిన ఒంటె యజమానిది. దుకాణదారు దీపాన్ని వీధిలో పెట్టి ఉంటే తప్పు దుకాణదారుది. అయితే అది హనుక్కా దీపమైతే? దుకాణదారుకు పూచీ లేదంటాడు రబ్బీ యెహూదా. తరువాతి శాస్త్రకారులు ఈ మినహాయింపును అంగీకరించలేదు. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ రాసిన ధర్మసంహిత ప్రకారం హనుక్కా దీపమైనా దుకాణదారు పక్కన కూర్చుని కనిపెట్టుకొని ఉండవలసిందే. పుణ్యకార్యం చేస్తున్నానని చెప్పి పొరుగువాడి సరుకు తగలబెట్టే హక్కు ఎవరికీ రాదన్న ఈ తీర్పు, వీధుల్లో జరిగే ఏ మతపు ఉత్సవానికైనా వర్తించదగినదే.

అదే మైమోనిడీస్, దానం మీద బతికేవాడైనా ఒంటిమీది బట్ట అమ్మి దీపపు నూనె కొనాలని కఠినంగా చెప్పి, ఆ వెంటనే దానికొక హద్దు గీస్తాడు. శుక్రవారం రాత్రి ఇంట్లో వెలుగు కోసం పెట్టే షబ్బాత్ దీపానికీ హనుక్కా దీపానికీ కలిపి నూనె చాలకపోతే, ముందు వెలగవలసింది ఇంటి దీపం. ఆలుమగలు చీకట్లో తడుముకుంటూ విసుక్కునే ఇంట్లో మహిమను చాటే దీపానికి చోటు లేదు. ఇంటి శాంతికి ప్రాధాన్యమిచ్చే ఈ నియమానికి మూలం తల్మూద్‌లోనే ఉంది. ఊరికాని ఊరిలో బస చేసినవాడు ఆతిథేయుడికి ఒక నాణెం ఇచ్చి అతని నూనెలో భాగస్వామి కావచ్చునన్నదీ, ఆ మహిమలో వారికీ పాలుంది కనుక స్త్రీలకూ దీపం పెట్టే విధి ఉందన్నదీ అదే చర్చలో తేలిన విషయాలు.

అరగంట

ఈ నియమాలన్నీ నేటి ఇళ్ళలో చిత్రమైన రూపాలు తీసుకున్నాయి. జెరూసలేం పాత పేటల్లో గాలికి దీపం కొండెక్కకుండా గుమ్మం పక్కన గోడకు గాజు పెట్టె అమర్చి, అందులో ఆలివ్ నూనె పోసిన చిన్న గాజు ప్రమిదల్లో పత్తి వత్తులు వెలిగిస్తారు. ఇరవై మూరలు దాటిన అంతస్తుల్లో ఉండేవారు కిటికీలో పెట్టాలా, లిఫ్టు ఎదుటి తలుపు దగ్గర పెట్టాలా అన్నది రబ్బీలను నిజంగానే అడిగే ప్రశ్న. మంట పెట్టనివ్వని ఆసుపత్రుల్లో, విద్యార్థి వసతిగృహాల్లో బల్బుల హనుక్కియా పెడతారు. నూనె, వత్తి, మంట లేనిదే విధి తీరదని ఎక్కువమంది శాస్త్రకారుల మాట. శుక్రవారం సూర్యాస్తమయం తరువాత మంట ముట్టించకూడదు కనుక ఆ ఒక్కరోజు హనుక్కా దీపాలే ముందు వెలిగించి, చీకటి పడ్డాక కూడా అరగంట వెలిగేలా నూనె ఎక్కువ పోస్తారు. దీపాలు వెలుగుతున్న అరగంట స్త్రీలు ఇంటిపని ముట్టుకోరాదన్న ఆచారం 16వ శతాబ్దపు ధర్మసంహితలోకి ఎక్కింది. పని మానని పండుగలో పని మానే హక్కు దక్కింది ఇంట్లో ఎడతెగని పని చేసేవారికే. ట్యునీషియా, లిబియా యూదులు తేవేత్ మాసారంభపు రాత్రిని కూతుళ్ళ పండుగగా జరిపేవారు.

వంటల్లో నూనెదే పెత్తనం. తూర్పు ఐరోపా యూదుల లాట్కె చేయడానికి ఆలుగడ్డలను, ఉల్లిపాయను తురిమి, ఆ తురుమును గుడ్డలో మూటకట్టి నీరంతా పోయేలా గట్టిగా పిండుతారు. ఆ నీటిని కాసేపు కదపకుండా ఉంచి, పైనీరు వంపేసి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని మళ్ళీ తురుములో కలిపి, గుడ్డు, ఉప్పు చేర్చి, పెనం మీద అంచులు ఎర్రబడి కరకరలాడేలా అట్లుగా వేయిస్తారు. ఇది పురాతనమైన వంటకమేమీ కాదు. ఆలుగడ్డ అమెరికా ఖండం నుంచి వచ్చి పోలెండు, రష్యా పేదల ఆహారమయ్యాకే, ప్రధానంగా 19వ శతాబ్దంలో, ఇది నిలదొక్కుకుంది; ఆలివ్ చెట్టు పెరగని ఆ చలిదేశాల్లో వేయించింది కూడా బాతు కొవ్వుతో. మొరాకో యూదులు స్ఫెంజ్ అనే, మధ్యలో చిల్లు ఉండే వడల్లాంటి పులిసిన గోధుమపిండి వంటకం చేస్తారు. ఇజ్రాయెల్‌లో జామ్ నింపిన సుఫ్గనియా అనే డోనట్ అన్నిటినీ మించిపోవడానికి భక్తితోపాటు కార్మిక సంఘం లెక్క కూడా తోడైంది: లాట్కె ఎవరింట్లో వారు చేసుకోగలరు, డోనట్‌కు బేకరీ కావాలి కనుక, చలికాలంలో బేకరీ కార్మికులకు పని దొరుకుతుందని 1920ల్లో హిస్తద్రుత్ అనే కార్మిక సమాఖ్య దాన్ని ప్రోత్సహించింది.

పిల్లల ఆట డ్రైడెల్ అనే నాలుగు పలకల బొంగరం. పలకల మీది నాలుగు హీబ్రూ అక్షరాలు ‘అక్కడ గొప్ప మహిమ జరిగింది’ అనే వాక్యానికి గుర్తులని చెబుతారు. ఇజ్రాయెల్‌లో ఒక అక్షరం మార్చి ‘ఇక్కడ’ అని తిప్పుకున్నారు. అంటియోకస్ సైనికులు వచ్చినప్పుడు తోరా చదువుకునే పిల్లలు గ్రంథాలు దాచి బొంగరం తిప్పేవారన్న కథ ముచ్చటగా ఉంటుంది గాని దానికి ఆధారం లేదు. ఇది ఐరోపా జూదగాళ్ళ బొంగరం. ఆ అక్షరాలు తూర్పు ఐరోపా యూదుల యిద్దిష్ భాషలో ఏమీ రాదు, అంతా నీదే, సగం నీది, పందెంలో వెయ్యి అనే ఆటసూచనలు. పందెం కాయలుగా బాదం గింజలో, బంగారు రంగు కాగితం చుట్టిన చాక్లెట్ నాణేలో వాడతారు.

కిటికీ, వీధి, న్యాయస్థానం

గుమ్మం నియమానికి తల్మూద్ ఒక సడలింపు కూడా ఇచ్చింది: ఆపద కాలంలో దీపాన్ని లోపల బల్లమీద పెట్టుకుంటే చాలు. ఐరోపా యూదులు శతాబ్దాలపాటు ఈ సడలింపులోనే బతికారు. చివరికి ఆపద లేని చోట్ల కూడా లోపల పెట్టడమే అలవాటైపోయింది. అందువల్ల దీపం కిటికీలోకి వచ్చిందా, లోపలికి వెళ్ళిందా అన్నది ఆ ఊరిలో యూదుల భద్రతకు కొలతగా మారింది. 1931లో జర్మనీలోని కీల్ నగరంలో రబ్బీ అకీవా పోస్నర్ భార్య రాహెల్ తీసిన ఛాయాచిత్రంలో కిటికీలో హనుక్కియా, వీధికి ఆవలి భవనం మీద నాజీ పతాకం ఒకే చట్రంలో ఉంటాయి. ఆ కుటుంబం దేశం విడిచి వెళ్ళి బతికింది. హనుక్కియా ఇప్పుడు జెరూసలేంలోని యాద్ వాషెం స్మారక సంస్థ ప్రదర్శనలో ఉంటుంది, ఏటా పండుగ ఎనిమిది రోజులూ వారసుల ఇంటికి వెళ్ళి వెలుగుతుంది. 2022లో అది బెర్లిన్‌కు ప్రయాణించి, జర్మనీ అధ్యక్షుడు స్టైన్‌మయర్ సమక్షంలో వెలిగింది.

1993 డిసెంబరులో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బిల్లింగ్స్ అనే పట్టణంలో, హనుక్కియా బొమ్మ అతికించిన ఒక పిల్లవాడి గది కిటికీని ఎవరో ఇటుకతో పగలగొట్టారు. స్థానిక దినపత్రిక ఒక పూర్తి పేజీ హనుక్కియా బొమ్మ ముద్రించగా, యూదులు కాని వేల కుటుంబాలు దాన్ని కత్తిరించి తమ కిటికీలకు అంటించుకున్నాయి.

అమెరికాలో ఈ చిన్న పండుగ పెద్దదవడానికి క్రిస్మస్ ప్రధాన కారణమన్నది అందరూ ఒప్పుకునేదే. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలోనే సిన్సినాటి నగర రబ్బీలు, క్రిస్మస్ వైభవం చూసి చిన్నబోయే పిల్లల కోసం ప్రార్థనామందిరాల్లో హనుక్కా వేడుకలు ఏర్పాటు చేశారు. రాత్రికొక కానుక ఇచ్చే అలవాటు ఆ పోటీలో పెరిగిందే. దాన్ని చూసి పెదవి విరిచేవారు ఉన్నా, ఇంట్లో పిల్లల మనసు కుదుటపరచడం కూడా పండుగ చేసే పనుల్లో ఒకటని ఒప్పుకోక తప్పదు. హబాద్ అనే యూదు మత ఉద్యమం 1974లో ఫిలడెల్ఫియాలో బహిరంగ స్థలంలో హనుక్కియా నిలబెట్టడంతో మొదలైన పద్ధతి 1979 నాటికి అధ్యక్షుడు కార్టర్ చేతి దీపందాకా వెళ్ళింది. న్యూయార్క్‌లో నిలబెట్టే భారీ హనుక్కియా ఎత్తు ఒక హద్దు దాటకపోవడానికి కారణం ఆ పాత ఇరవై మూరల నియమమే. ప్రభుత్వ స్థలంలో మతచిహ్నం ఉండవచ్చునా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టుకు చేరితే, 1989లో అలెగెనీ కౌంటీ కేసులో, పిట్స్‌బర్గ్ న్యాయభవనంలో విడిగా పెట్టిన క్రీస్తు జనన దృశ్యం చెల్లదనీ, మరో భవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన ఉన్న 18 అడుగుల హనుక్కియా చెల్లుతుందనీ న్యాయమూర్తులు చీలిన తీర్పు ఇచ్చారు. చెట్టు పక్కన చేరడం వల్ల అది మతచిహ్నంగా కంటే శీతకాలపు అలంకారంగా కనిపిస్తుందన్న తర్కం, మహిమను చాటాలన్న మూల నియమానికి మేలు చేసిందో కీడు చేసిందో చెప్పడం కష్టం.

ఇజ్రాయెల్‌లో దారి వేరు. రబ్బీలు వెనక్కి నెట్టిన మక్కబీ యోధుణ్ణి జియోనిస్టు ఉద్యమం మళ్ళీ ముందుకు తెచ్చింది; 1932లో టెల్ అవీవ్‌లో మొదలైన యూదు క్రీడోత్సవానికి మక్కబియా అని పేరు పెట్టారు. బడులకు సెలవులిచ్చినా మిగతా దేశం పనిలోనే ఉంటుంది. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వెళ్ళి అక్కడ వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న తెలుగువారికి ఈ తేడా తేలిగ్గానే అర్థమవుతుంది: షబ్బాత్ నాడు చాలా ఊళ్ళలో బస్సు ఉండదు, హనుక్కా రోజుల్లో ఉంటుంది.

కొంకణం నుంచి కొత్తరెడ్డిపాలెం దాకా

భారతదేశంలో ఈ పండుగ కథకు ఒక విచిత్రమైన మలుపు ఉంది. కొంకణ తీరంలో శతాబ్దాలుగా స్థిరపడి, మరాఠీ మాట్లాడుతూ, గానుగలాడించి నూనె తీయడం కులవృత్తిగా బతికిన బెనె ఇజ్రాయెల్ యూదులను చుట్టుపక్కల వారు శనివార్ తేలీలు అనేవారు, అంటే శనివారం గానుగ ఆపే నూనెవాళ్ళు. షబ్బాత్ గుర్తుంచుకున్న ఈ నూనెవాళ్ళకు నూనె పండుగ మాత్రం తెలియదు. కొచ్చిన్ తదితర ప్రాంతాల యూదు ఉపాధ్యాయులతో సంబంధం ఏర్పడ్డాకే హనుక్కా వారి ఇళ్ళలోకి వచ్చింది. అంటియోకస్ హింస నుంచి పారిపోయి వచ్చి నవ్‌గావ్ దగ్గర ఓడ మునిగి ఒడ్డుకు చేరిన ఏడు జంటల సంతతి తామని చెప్పుకునే వారి పురావృత్తానికి దీన్ని సమర్థనగా చూపినవారున్నారు: విజయానికి ముందే వలస వచ్చినవారికి విజయోత్సవం ఎలా తెలుస్తుందన్నది వారి వాదన. ఇథియోపియా యూదుల సంప్రదాయంలోనూ హనుక్కా లేదు కనుక ఆ వాదనకు కొంత బలం కనిపించినా, రబ్బీల గ్రంథాలు చేరని సమాజాల్లో రబ్బీలు నిలబెట్టిన పండుగ లేకపోవడం అంతకంటే సులువైన వివరణ.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాల నుంచి, చాలావరకు క్రైస్తవ సంఘాలను దాటి వచ్చి, ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం వంశీయులం తామని ప్రకటించుకున్న వీరు 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు పాటిస్తూ, సొంత ప్రార్థనామందిరం కట్టుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరి మధ్య పరిశోధన చేసి 2013లో ప్రచురించిన పుస్తకం, వంశం నిజమా కాదా అన్న తగవును పక్కన పెట్టి, కులం, కూలి, ఆచారం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చూపింది. వీరిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. శనివారం పొలానికి వెళ్ళకపోతే ఆ రోజు కూలి పోతుంది, నాట్ల రోజుల్లోనో కోతల రోజుల్లోనో ఒకటికి రెండుసార్లు రాని మనిషిని రైతు మళ్ళీ పిలవకపోవచ్చు. యూదు పంచాంగంలో నెలనెలా నాలుగుసార్లు వచ్చే విశ్రాంతి దినం బరువైన ఖర్చు. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక వెలిగించుకునే ఎనిమిది రాత్రుల దీపాలకు అయ్యే ఖర్చు నూనెది మాత్రమే.